‘చిన్నది’ అనడానికి అంతసేపా

నాకు రష్యన్ వచ్చని ఎవరికైనా తెలిస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ‘ఏదీ, ఒక మాట చెప్పండి’ అంటారు. ఏం మాట చెప్పను నా మొహం? చుట్టాలొచ్చినప్పుడు పిల్లల చేత పద్యం చెప్పించినట్టుంటుంది. అంతటితో ఊరుకోరు. ‘పెద్దను ఏమంటారు? చిన్నను ఏమంటారు?’ అని మొదలుపెడతారు. పెద్దను చెబుతాను. చిన్న దగ్గరికి వచ్చేసరికి మరిచిపోయానంటాను. మరిచిపోవడమా! ఆ ఒక్క మాట మాత్రం నాతోపాటు కాటికే వస్తుంది.

డెబ్బైలలో మదనపల్లెలో కాలేజీ చదువుతూ హాస్టల్లో ఉండేదాన్ని. శనివారం ఇంటికి పోతే ఎవరో ఒకరు పెళ్ళిచూపులకు వచ్చి కూర్చునేవాళ్ళు. కాఫీ తాగి, పకోడీ తిని, ‘పిల్ల చక్కగుండాది గానీ కొంచెం పొట్టి’ అని పోయేవాళ్ళు. కొంచెం కాదు, బాగానే పొట్టి. బస్సులో పైకమ్మీ నాకు అందదు. పొట్టిదని తెలిసి కూడా చూడడానికి రావడం దేనికి, చూసి పొట్టి అనడం దేనికి? ఆ శనివారాలు తప్పించుకోవడానికే రష్యన్ క్లాసులో చేరాను. ఇంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు. ఊళ్ళో మాత్రం మా నాయన ‘మా పాప రష్యా బాస సదవతా ఉండాది’ అని కనబడినవాళ్ళకల్లా చెప్పేవాడు. నా గురించి అంత గొప్పగా చెప్పే మనిషి తన గొడ్డూగోదా గురించి ఒక్క మంచిమాట చెప్పేవాడు కాదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

క్లాసు చెప్పే సారు ఉత్తరాదిన ఉక్కు కర్మాగారంలో రష్యన్ ఇంజనీర్ల పక్కన పనిచేసి, ఊపిరితిత్తులు చెడి, మదనపల్లె గాలి మంచిదని వచ్చినవాడు. నయమయ్యాక ఇక్కడే ఉండిపోయాడు. ఇంటి వరండాలో చాప వేసి చెప్పేవాడు. ముగ్గురో నలుగురో ఉండేవాళ్ళం. ఒక సాయంత్రం ఇంగ్లీషు ‘స్మాల్’ తీసుకున్నాడు.

“ఇంగ్లీషువాడికి ఏదైనా స్మాలే. రష్యన్‌లో అట్లా కుదరదు. చిన్నది అనే ముందు ఏది చిన్నదో, దాన్ని నువ్వు ఏ కంటితో చూస్తున్నావో ఆలోచించుకోవాలి” అన్నాడు.

చంటిబిడ్డ, పిల్లికూన, చూస్తే ముద్దొచ్చేది ఏదైనా ‘మాలెన్కీ’. చిల్లర, తుంపర వాన, సన్నరాళ్ళు, నీచబుద్ధి ఇవన్నీ ‘మేల్కీ’. ఇంకొకటి మర్యాద మాట, ‘నెబల్షోయ్’. ఒకరి ఇల్లు చిన్నదని మొహం మీద అనకుండా పెద్దది కాదులెండి అనడం. ఇదంతా చెప్పి, మాకు బాగా అర్థం కావాలని కాబోలు, నావైపు చెయ్యి చూపించి “ఇదిగో, ఈ అమ్మాయి మాలెన్కీ” అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. ఆయన మంచి ఉద్దేశంతోనే అన్నాడు. నాకు మాత్రం చాపతోపాటు భూమిలోకి పోతే బాగుండుననిపించింది. ఆ మూడు మాటలూ అందుకే అంత గట్టిగా పట్టుకున్నాయి.

పరీక్ష పాసయ్యాను. ఆ భాషతో ఏ పనీ పడలేదు. కుప్పంలో ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు టీచరుగా చేరాను. బడిలో తెలుగు, వీధిలో తమిళం, కూరగాయల అంగట్లో కన్నడం. రష్యన్ మాట్లాడాలంటే నా గదిలో అద్దం ముందు నేనే మాట్లాడుకోవాలి. ఎనభైలు మొదలయ్యాక ఒక రోజు హెడ్మిస్ట్రెస్ పిలిచి, మదనపల్లె సారు నా పేరు చెప్పారనీ, పశువుల శాస్త్రం తెలిసిన రష్యన్ ఆవిడ పుంగనూరు పొట్టి ఆవుల్ని చూడడానికి వస్తోందనీ, ఆవిడ వెంట రావలసిన దుబాసీ బెంగళూరులో జబ్బుపడ్డాడనీ చెప్పింది. నన్ను పంపిస్తారట. సంతోషంతో ఎగిరి గంతేశాను. ఏ మాటకామాటే, గర్వం కూడా కలిగింది. పుంగనూరు అంటే మా వైపే. మా ఊరు అక్కడినుంచి సోమల పోయే దోవలోనే.

ఆవిడ వచ్చింది ఊరికే చూసిపోవడానికి కాదు. ఆ పొట్టి జాతి పూర్తిగా పోకుండా ప్రభుత్వం వారు ఒక పశువుల ఫారం పెట్టబోతున్నారు. దానికి మంచి ఆవుల్ని, ఊరికొకటి చొప్పున కోడెల్ని ఏరాలి. మా ఊళ్ళో ఆవులకు వదిలే పొట్టి కోడెలు రెండే మిగిలాయి. ఒకటి మిట్టింటి మామది, ఒకటి మా నాయనది. మిట్టింటి మామ మాకు రక్తసంబంధం కాదు, ఊరి వరస. గట్టుమీద ఇల్లు కాబట్టి మిట్టింటి మామ.

మా కోడె పుట్టిన కొన్నాళ్ళకే దాని తల్లిని పాము కరిచింది. మా నాయన వెదురుగొట్టంతో పాలు పోసి, అంబలి తాగించి సాకాడు. ఆయన పొలానికి పోతే వెనకే పొలానికి, దుకాణానికి పోతే వెనకే దుకాణానికి పోయేది. నా నడుముకంటే కాస్త ఎత్తుంటుంది, అంతే. నా పక్కన పొడుగ్గా కనబడని పశువు ఈ లోకంలో అదొక్కటే. కానీ అప్పటికే ఊళ్ళో కోడెతో పనిలేకుండా ఆవును చూడి కట్టించే జెర్సీ సూదులు వచ్చాయి. ఆవును కోడె దగ్గరికి తోలుకొచ్చేవాళ్ళు తగ్గిపోయారు. పైగా వానల్లేవు, గడ్డి లేదు. పని లేని కోడెను ఎందుకు మేపడమని మా అన్న రోజూ పోరు పెడుతున్నాడు. సంతకు తోలితే కొనేది లారీవాళ్ళే, ఆ లారీలు ఎక్కడికి పోతాయో అందరికీ తెలుసు. ఫారంవాళ్ళు తీసుకుంటే మాత్రం కోడె బతుకుతుంది, దాని జాతీ నిలబడుతుంది. మా నాయన ఈ మాట పైకి అనలేదు. నేను ఇంటికి వెళ్ళేసరికి కోడెను కడిగి, కొమ్ములకు నూనె రాసి పెట్టుకున్నాడు.

మొదట పలమనేరు దోవలో ఒక ఊరికి పోయాం. రష్యన్ ఆవిడ భారీ మనిషి, నవ్వుమొహం, చేతిలో ఎత్తు కొలిచే కర్ర. వెంట ఉత్తరాది ఆఫీసరు ఒకాయన, ఆయనకు హిందీ, ఇంగ్లీషు తప్ప మరొకటి రాదు. ఆయన ఇంగ్లీషులో చెప్పింది నేను ఆవిడకు రష్యన్‌లోనూ, రైతులకు తెలుగులోనూ చెప్పాలి. జీపు దిగగానే ఆయన గొంతు సవరించుకుని ‘ఈ ప్రాంతం స్మాల్ క్యాటిల్‌కు ప్రసిద్ధి’ అన్నాడు. నేను వెంటనే ‘మేల్కీ’ అని, దాని వెనక పశువులు అనే మాట తగిలించాను. ఆవిడ సరేనని తలాడించి నేరుగా చింతచెట్టు కింద కట్టేసిన మేకల దగ్గరికి నడిచింది. ఒక మేక గడ్డం పట్టుకుని ఎత్తింది. పళ్ళు చూసింది. కర్ర పెట్టి కొలిచింది. ఊరు ఊరంతా నోరు తెరుచుకుని చూస్తోంది. “అదేందప్పా, మేకల్ని సూసేదానికా అంత దూరాన్నించి వచ్చింది ఈయమ్మ?” అన్నాడొకాయన.

రష్యన్‌వాళ్ళు ఆ రెండు మాటలు కలిపితే గొర్రెలూ మేకలూ అని అర్థమట. నాకేం తెలుసు! సారు వరండాలో మేకలు లేవు. సంగతి తెలిశాక ఆవిడ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి నా భుజం తట్టింది. ఆఫీసరు నవ్వలేదు. ‘కొంచెం జాగ్రత్తగా చెప్పండి మిస్’ అన్నాడు. నా చెవులు వేడెక్కిపోయాయి. ఇక ఈ జన్మలో ఆ ‘మేల్కీ’ జోలికి పోనని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను.

మధ్యాహ్నానికి మా ఊరు చేరాం. ఊళ్ళో పనులు మానుకుని అందరూ వచ్చారు. ఈయన మా నాన్న అని ఆవిడకు చెప్పాను. ఆవిడ చెయ్యి చాస్తే మా నాయన ఆ చేతికి దణ్ణం పెట్టాడు. మా కోడెను, మిట్టింటి మామ కోడెను పక్కపక్కనే కట్టేశారు. ఆవిడ ముందు మా కోడె దగ్గరికి వచ్చింది.

మావైపు ఒక పద్ధతుంది. తన గొడ్డును తను పొగుడుకోకూడదు. దిష్టి సంగతి అటుంచితే, నలుగురిలో అంతకంటే నగుబాటు లేదు. సొంతదారు ‘ఏముందిలే, పనికిమాలింది’ అనాలి. చూడవచ్చినవాడు ‘అదేం మాటప్పా, ఇట్లాంటిది ఈ చుట్టుపక్కల యాడుండాది’ అనాలి. సొంతదారు మళ్ళీ కాదనాలి, వచ్చినవాడు మళ్ళీ ఔననాలి. అట్లా సాగితేనే మనుషులు మర్యాదస్తులని లెక్క. ఆఫీసరు ఈ కోడె సంగతేమిటని అడిగితే మా నాయన ఎప్పుడూ అనే మాటే అన్నాడు.

“ఏముందమ్మా సెప్పేదానికి. సిన్నది. ఏదో ఉండాదంటే ఉండాది.”

ఆఫీసరుకు ‘స్మాల్’ అని చెప్పాను. ఆయన ఆవిడవైపు చూపించి, ‘ఆమెకు చెప్పండి, స్మాల్’ అన్నాడు. అక్కడ మొదలైంది నా ఖర్మ. మేల్కీ అందామంటే మేకలు గుర్తొచ్చాయి. మాలెన్కీ అన్నాను. ఆవిడ ‘దూడా?’ అంది. దూడ కాదు, ఎదిగిన కోడే, ఇంకెదగదు, జాతి అంత అని చెప్పాను. చెబుతుంటే ఇంకో అనుమానం వచ్చింది, జబ్బు చేసి ఎదుగుదల ఆగిపోయిందనుకుంటుందేమో! అది కూడా కాదని చెప్పాను. ఇంటికి చిన్న, బిడ్డకు చిన్న, వానకు చిన్న, ఏ చిన్న కావాలో తేల్చుకోలేక ఒక్కొక్కటీ అనడం, చేతుల్తో చూపించడం, వెనక్కి తీసుకోవడం. ఆవిడ ఓపిగ్గా విని, ‘మేక కాదుగా?’ అని కన్నుగీటింది. ఇద్దరం ఫక్కున నవ్వాం. ఆఖరికి ‘నెబల్షోయ్’ దగ్గర తెగింది. హమ్మయ్య అనుకున్నాను.

తర్వాత మిట్టింటి మామ కోడె. ఆయనా పద్ధతి ప్రకారమే, “మాదీ అంతేలేమ్మా. సిన్నదే” అన్నాడు. ఇప్పుడు నా దగ్గర మాట తయారుగా ఉంది. ‘నెబల్షోయ్’ అన్నాను. ఒక్కటే మాట. ఆవిడ సరేనంది. తడుముకోకుండా చెప్పగలిగానని లోపల్లోపల మురిసిపోయాను కూడా. ఏం మురిపెమో!

ఆవిడ రెంటినీ కొలిచింది. నడిపించి చూసింది, కాళ్ళు పట్టి చూసింది, తోక ఎత్తి చూసింది. చివరికి మొదటిది అంది. “మొదటిది తీసుకుంటామంటున్నారు” అని తెలుగులో చెప్పాను. అందరూ నావైపే చూశారు. నాకు అప్పటికీ వెలగలేదు. మిట్టింటి మామ తన కోడె పగ్గం విప్పుకుంటూ నవ్వు మొహంతో అన్నాడు.

“సదువంటే అట్లుండాలమ్మా. మా పిల్లోల్లకు ఆ బాస రాకపాయె.”

ఎవరో కిసుక్కుమన్నారు. “నాయన ఒక మాటంటే కూతురు పురాణం సెప్పె. మిట్టింటాయన కోడెకు ఒక్క మాటతో సరిపాయె” అంది మా పక్కింటామె, నాకు వినబడేట్టే. అప్పుడు వెలిగింది. వాళ్ళకు రష్యన్ రాదు, కళ్ళున్నాయి. మా కోడె దగ్గర నేను చేతులు తిప్పుతూ అంతసేపు మాట్లాడడం చూశారు. ఇద్దరం నవ్వుకోవడం చూశారు. మామ కోడె దగ్గర ఒక్క మాటతో ముగించడం చూశారు. కోర్టులో కూడా ఇంతకంటే సాక్ష్యం అడగరు.

“చిన్నది అనే చెప్పాను, రెంటికీ అదే చెప్పాను” అని అందరి మొహాలూ చూస్తూ అన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినబడింది. “నువ్వు సెప్పలేదని ఎవురన్నారు తల్లీ” అన్నాడు మిట్టింటి మామ. ఆ మంచితనం చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది.

ఆ సాయంత్రం మా అరుగు మీదికి ఎవరూ రాలేదు. మామూలుగా పొద్దుగూకితే నలుగురైనా చేరేవాళ్ళు. మా అమ్మ మాత్రం, ఎవరేమనుకుంటే మనకేం, కోడె బతికింది అంది. మా నాయన నన్ను పిలిచాడు.

“ఆమెకు అంతసేపు ఏం సెప్పినావమ్మా?”

“చిన్నది అని చెప్పాను నాయనా.”

“సిన్నది అనేదానికి అంతసేపా?”

చెప్పాను. ఇంగ్లీషులో ఒక మాటే ఉంటుంది, రష్యన్‌లో మూడుంటాయి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క అర్థం అని. సారు వరండా దగ్గర్నుంచి మొదలుపెట్టి మేకల దాకా చెప్పాను. నిజమే చెబుతున్నాను గానీ చెప్పేకొద్దీ అది కట్టుకథలా తయారవుతోంది. ఏ మాటా అబద్ధం కాదు, అన్నీ కలిపితే ఎవరు నమ్ముతారు?

“మరి ఆమె నగింది గదా. సిన్నది అంటే నగుతారా ఎవురైనా?”

“అది మేకల సంగతి నాయనా.”

ఆయన నవ్వలేదు. “నా గొడ్డును నేను ఇంతవరకూ ఒకరి కాడ మెచ్చుకున్నోన్ని కాదు” అన్నాడు. అది నన్ను తిట్టడం కాదు. తనకు తను చెప్పుకున్నట్టే అన్నాడు. ఆ రోజు పెట్టిన సంగటి అట్లాగే వదిలేసి లేచాడు.

తెల్లవారి మొదటి బస్సుకు నన్ను తీసుకుని పుంగనూరు బయల్దేరాడు. ఎందుకని అడిగితే గమ్మునుండమన్నాడు. ట్రావెలర్స్ బంగళాలో ఆఫీసరూ, రష్యన్ ఆవిడా టీ తాగుతున్నారు. మా నాయన మెట్ల కిందే చెప్పులు విడిచి, పైగుడ్డ నడుముకు చుట్టుకుని నిలబడ్డాడు.

“మా కోడె సిన్నది, మిట్టింటోల్ల కోడే మేలు, దాన్నే తీసుకోమని సెప్పమ్మా” అన్నాడు.

“నాయనా, అట్లా చెబితే మన కోడె గతేం కావాల?”

“పోతే పోనీ. నువ్వు కుప్పం పోతావు. నేను ఆ ఊర్లో ఉండాల.”

“నేను తప్పు చెప్పలేదంటున్నాను కదా!”

“సెప్పినావో లేదో, సూసినోల్లు ఏమనుకున్నారో అదే లెక్క. సెప్పు.”

కోపం ముంచుకొచ్చింది. ఊరి మీద, పద్ధతి మీద, మెట్ల కింద చెప్పుల్లేకుండా నిలబడిన మనిషి మీద. బంగళా వంటమనిషి గుమ్మంలోకి వచ్చి చూస్తున్నాడు. ఆఫీసరు ఏమంటున్నాడని అడిగాడు. మా నాన్న తన కోడె స్మాల్ అంటున్నారని చెప్పాను. ఆయనకు నవ్వొచ్చింది. ‘స్మాల్ కాబట్టే కదా తీసుకుంటున్నాం!’ అన్నాడు. ఆవిడకు ‘నెబల్షోయ్’ అని చెప్పాను. ఆవిడా ఆనందంగా తల ఊపి, అవును, అందుకే బాగుంది అంది. వాళ్ళు వచ్చిందే చిన్నదానికోసం. అక్కడ చిన్నది అంటే పొగడ్త అయిపోతోంది. మా నాయన చెప్పమంటున్నది ఆ చిన్న కాదు.

“ఏమందమ్మా?” అన్నాడు.

“అందుకే బాగుందంటోంది.”

“అట్ల గాదు. పనికిరాదని సెప్పు. గట్టిగా సెప్పు.”

అందుకు సరిపోయే మాట నా దగ్గర ఒక్కటే ఉంది. ఇక జోలికి పోనని ఒట్టు పెట్టుకున్న మాట. మేల్కీ అన్నాను. దీనిది మేల్కీ జాతి, అల్పమైన సరుకు, మా నాన్న మాట మీద ఆ రెండోది తీసుకోండి అన్నాను. ఈసారి మేకలు గుర్తొచ్చి ఆవిడ నవ్వలేదు. కప్పు కింద పెట్టి మొదట నన్ను, తర్వాత మెట్ల కింద మనిషిని, మళ్ళీ నన్ను చూసింది. ‘ఈ మాట మీదా, ఆయనదా?’ అని అడిగింది. ఆయనదే అన్నాను. ‘ఆయన పశువు, ఆయనకు తెలుస్తుంది’ అంది. ఆ మాటే ఇంగ్లీషులో చెబితే ఆఫీసరు మా కోడెను కొట్టేసి మిట్టింటి మామ కోడెను రాసుకున్నాడు. అయిపోయింది. మా నాయన చేతులు జోడించి చెప్పులు తొడుక్కున్నాడు. నేను బంగళా గోడవైపు తిరిగి ముక్కు చీదుకున్నాను.

మిట్టింటి మామ కోడె మెడలో చేమంతిదండతో లారీ ఎక్కింది. ఊళ్ళో మా నాయనను ఎంత మెచ్చుకున్నారో చెప్పలేను. మిట్టింటి మామే మా ఇంటికొచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు. “అప్పా, ధర్మం అంటే నీదే” అన్నాడు. మా అరుగు మళ్ళీ నిండింది. నేను కుప్పం వచ్చేశాను. మనసులో ఎంత కుమిలినా, నాయన తల ఎత్తుకు తిరుగుతున్నాడు, అది చాలనుకున్నాను.

సెలవులకు పోయేసరికి కథ వేరుగా ఉంది. అంతకుముందు అప్పుడప్పుడైనా సోమల నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి ఆవుల్ని తోలుకొచ్చేవాళ్ళు. ఇప్పుడు అదీ లేదు. ఒకాయన ఆవును తోలుకుని మా వాకిలి ముందు నుంచే జెర్సీ సూదికి పోతుంటే మా నాయన ఉండబట్టలేక అడిగాడు, ఈడ కోడె ఉండగా ఆడికి యాల అని. ఆ మనిషి ఎగతాళి చెయ్యలేదు. ఎంతో మర్యాదగా చెప్పాడు.

“నువ్వే సెప్పినావంట గదప్పా, మీ కోడె పనికిరాదని. నువ్వు అబద్దం ఆడే మనిషివి గాదు.”

మా నాయన ఏం చెప్పగలడు? లేదు, బాగుంటుంది అంటే బంగళాలో అన్న మాట అబద్ధమవుతుంది. ఊరికి ఆయన మాట మీద అంత నమ్మకం. మా అన్న పోరు ఎక్కువైంది. గడ్డి మరీ కరువైపోయింది. ఆ వారం సంతకు తోలక తప్పలేదు. ఆడపిల్లవు ఆడికి యాల అన్నా వినకుండా నేనూ వెంటపోయాను.

సంతలో సోమలవైపు రైతొకడు, పెద్దవయసాయన, కోడె చుట్టూ తిరిగి తిరిగి చూశాడు. ఇంట్లో పొట్టి ఆవులున్నాయట, కోడె కావాలట. నా ప్రాణం లేచొచ్చింది. “ఎట్లుంటాది పెద్దాయనా మీ కోడె?” అని అడిగాడు. మా నాయన ఒక్క క్షణం నావైపు చూశాడు. చూసి, పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఎన్నడూ అనని మాట అన్నాడు.

“ఇట్లాంటి కోడె ఈ తాలూకాలో లేదప్పా. గొట్టంతో పాలు పోసి సాకినాను. కల్లకు అద్దుకుని తీసకపో.”

ఆ మాటలు ఆయన నోట్లోంచి వస్తుంటే నేను తల వంచుకున్నాను. ఎవరో కొత్తమనిషి గొంతు విన్నట్టుంది. సోమలాయన కూడా ఇబ్బందిపడ్డాడు, తన గొడ్డును తనే అట్లా పొగుడుకునే మనిషిని చూసి. అంతలో మా ఊరి మనిషి ఒకడు పక్కనించి పోతూ ఆగాడు. మంచివాడే, పలకరించడానికే ఆగాడు.

“అదేందప్పా, ఆ పొద్దు సిన్నది, పనికిరాదని బంగళాకు పోయి మరీ సెప్పొచ్చినావే!” అన్నాడు.

సోమలాయన మా నాయన మొహం చూశాడు. పగ్గం మెల్లగా వదిలేసి, మళ్ళీ కనబడతానని చెప్పి పోయాడు. మా నాయన పగ్గం చేతికి చుట్టుకున్నాడు. నేను నోరు తెరిచాను. ఇంగ్లీషు వచ్చు, రష్యన్ వచ్చు, ఆ మనిషి వెనక పరుగెత్తి చెప్పడానికి తెలుగులో ఒక్క మాట దొరకలేదు. పొద్దువాలేలోపల కోడెను లారీవాళ్ళు తోలుకుపోయారు. అది రెండుసార్లు వెనక్కి తిరిగి నిలబడింది, మా నాయన వెనకే వస్తాడనుకుని.

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన, నేను ఈ పక్కన కూర్చున్నాం. మా ఊరి మలుపు దగ్గరపడ్డాక నా వైపు తిరక్కుండానే అన్నాడు.

“నా మింద ప్రేమకొద్దీ ఆ పొద్దు ఆమెతో రెండు మాటలు ఎక్కువ సెప్పినావు. దాంట్లో తప్పేముందిలేమ్మా. నేను ఎవురి కాడా అనలేదు.”

ఇన్నాళ్ళూ నా మాట నమ్మలేదన్నమాట. నేను గొప్పలు చెప్పాననే అనుకున్నాడు. నలుగురూ నన్ను వేలెత్తి చూపకూడదని తన కోడెను తనే పనికిరాదని చెప్పి వచ్చాడు.

“చిన్నది అనే చెప్పాను నాయనా” అన్నాను.

“సరేలేమ్మా” అన్నాడు. బస్సు ఆగింది, దిగాం.